పొట్టి శ్రీరాములు

అమరజీవి పొట్టి శ్రీరాములు (1901 మార్చి 16 - 1952 డిసెంబరు 15) గాంధేయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు, దళితుల ఆలయ ప్రవేశం కొరకు పోరాడిన సంఘసేవకుడు. మద్రాసు రాష్ట్రం నుండి తెలుగు ప్రాంతాలను వేరుచేసి ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచాలని కోరుతూ 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణత్యాగం చేశాడు. నెల్లూరు ఆయన ప్రధాన కార్యక్షేత్రం. 2008లో ఆ జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

తెలుగువారికి ఆయన జీవితంలోని చివరి 58 రోజులు తెలిసినంతగా అంతకు ముందరి యాభై సంవత్సరాలు తెలియవు. శ్రీరాములు చదివినది శానిటరీ ఇంజనీరింగు. అనగా ఇళ్ళకు మంచినీటిని చేర్చే గొట్టాలు, వాటి అతుకులు, నీటిని ఆపే వాల్వులు, కుళాయిలు, వాడిన నీటిని బయటకు పంపే మురుగు గొట్టాలు - వీటికి సంబంధించిన విద్య. ఆ విద్యతోనే రైల్వేలో ఉద్యోగం చేశాడు. నీరు అందరికీ అందేలా చేయడం నేర్చిన మనిషి, ఆ నీటిని అందరూ ముట్టుకోవడానికి వీలులేని సమాజంలో తక్కిన జీవితాన్ని గడపవలసి వచ్చింది. ఆయన చేసిన సంఘసేవను ఈ నేపథ్యంలో చూసినప్పుడే అది సరిగా అర్థమవుతుంది.

జననం, బాల్యం

శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసు జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళై వీధిలో 165వ నంబరు ఇంటిలో గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు జన్మించాడు. వీరి పూర్వీకులది కనిగిరి ప్రాంతములోని పడమటిపల్లె గ్రామం. ఆ రోజులలో కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు అందులో కలిసింది. కనుక నెల్లూరు జిల్లాతో శ్రీరాములు సంబంధం పెద్దయిన తరువాత ఏర్పడినది కాదు, పుట్టుకతో వచ్చినదే.

ఇరవై సంవత్సరాల వయసు వరకు ఆయన చదువు మద్రాసులోనే సాగింది. జార్జిటౌను మద్రాసులో పాతపేట. కోటకు మంచినీరు అందించడానికి ఈస్టిండియా కంపెనీ వారు 18వ శతాబ్దంలో తవ్వించిన ఏడుబావులు ఈ పేటలోనే ఉన్నాయి. ఆ ప్రాంతానికి సెవెన్ వెల్స్ అనే పేరు నేటికీ నిలిచి ఉంది. 1872 నుండి ఎర్రకొండల (రెడ్ హిల్స్) చెరువు నీరు నగరానికి తెరచి ఉన్న కాలువ ద్వారా వచ్చేది. ఆ నీరు వడగట్టినది కాదు. 1914లో కీల్పాకులో ఇసుక వడపోత మడుగులు, పంపుల కేంద్రం ఏర్పడినవి. అంటే శ్రీరాములుకు పదమూడేండ్లు వచ్చేనాటికి మద్రాసు వీధి కుళాయిలలో వడపోసిన నీరు రావడం మొదలైంది. ఆ తరంలో చదువుకున్న యువకులకు నీటి సరఫరా విద్య కొత్తగాను, ఉపయోగకరంగాను కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

బొంబాయిలో చదువు

మద్రాసు చదువు పిమ్మట శ్రీరాములు బొంబాయి వెళ్ళి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటులో చేరి శానిటరీ ఇంజనీరింగు చదివాడు. 1887లో స్థాపించబడిన ఈ సంస్థ 1923లో మాటుంగాలోని ప్రస్తుత ఆవరణలోకి మారింది. 1997లో దాని పేరు వీరమాత జిజాబాయి టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూటుగా మారింది.

ఈ విద్యకు బొంబాయి తగిన నగరం. విహార్ సరస్సు నుండి 1860లోను, తులసి నుండి 1879లోను, తాన్సా నుండి 1892లోను ఆ నగరానికి గొట్టాల ద్వారా నీరు వచ్చింది. అలాగే 1896లో మొదలైన ప్లేగు వలన మురుగు, ఇరుకు ఇళ్ళు, రోగము అనే మూడు విషయాలు ఒకదానితో ఒకటి ముడిపడినవని అక్కడి పాలకులకు తెలిసివచ్చింది.

గొట్టాలు, వాల్వులు: ఆనాటి విద్య

శానిటరీ ఇంజనీరింగు అనగా ఏమిటో కొంత వివరించడం అవసరం. ఈ విద్య రెండు భాగాలు. శుభ్రమైన నీటిని లోపలికి తేవడం మొదటిది, మురికి నీటిని బయటకు పంపడం రెండవది. ఈ రెండు నీళ్ళు ఎక్కడా కలవకూడదు. మిగిలిన నియమాలన్నీ దీని నుండి పుట్టినవే.

ఆ రోజులలో వీధి కింద పోత ఇనుప గొట్టాలు వేసేవారు. ఒక గొట్టం కొనను మరొక గొట్టం వెడల్పు నోటిలో దూర్చి, సందులో జనపనార దట్టించి, దానిపై కరిగిన సీసం పోసి బిగించేవారు. వీధి గొట్టం నుండి ఇంటికి వచ్చేది జింకు పూసిన ఇనుప గొట్టం. నేటికీ జి.ఐ. పైపు అని పిలిచేది దీనినే. దీని చివర మరలు కోసి, మలుపు దగ్గర ఎల్బో, చీలిక దగ్గర టీ, నేరుగా కలపడానికి సాకెట్టు బిగిస్తారు. మరలకు నార చుట్టి రంగు పూసి బిగించే పద్ధతితో పాటు ఇప్పుడు టెఫ్లాన్ టేపు కూడా వాడుకలోకి వచ్చింది. ఇక్కడ కొత్తవారు పొరబడే విషయం ఒకటుంది. అరంగుళం పైపు అన్నపుడు ఆ కొలత సుమారుగా లోపలి రంధ్రానిది మాత్రమే. బయటి మర కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటుంది. బయట కొలిచి అతుకు కొంటే అది సరిపోదు.

అతుకులలో యూనియన్ అనే దానికి ప్రత్యేక స్థానం ఉంది. మరల గొట్టాన్ని మధ్యలో విప్పడం సాధ్యం కాదు. ఒక చివర విప్పుతుంటే రెండవ చివర బిగుసుకుంటుంది. యూనియన్ ఉన్న చోట మాత్రం గొట్టాన్ని తిప్పకుండానే విడదీయవచ్చు. అందుచేత ప్రతి వాల్వు పక్కన ఒక యూనియన్ ఉంచడం మంచి పనివాడి లక్షణం. అది లేకపోతే వాల్వు మార్చవలసి వచ్చిన నాడు గోడ వరకు అంతా విప్పాలి, లేదా పైపు కోయాలి.

నీటిని ఆపే వాల్వులు అన్నీ ఒకటి కావు. గేట్ వాల్వులో చీలవంటి బిళ్ళ ఒకటి పైకి లేచి దారిని పూర్తిగా వదులుతుంది. నీటి వేగానికి అడ్డు దాదాపు ఉండదు. అయితే దానిని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తెరచి ఉంచితే బిళ్ళ అంచు అరిగి తరువాత సరిగా మూతపడదు. స్టాప్ కాక్ అనబడే రెండవ రకంలో నీరు మలుపు తిరిగి వాషరు కింద నుండి పైకి వస్తుంది. ధార తగ్గించడానికి, పెంచడానికి ఇదే తగినది. వాషరు అరిగితే కొద్ది ఖర్చుతో మార్చవచ్చు. కాని ఇది ఒత్తిడిని కొంత తినివేస్తుంది. దీని ఒంటిపై బాణం గుర్తు ఉంటుంది, నీరు ఆ దిక్కునే పోవాలి. వాషరు బిళ్ళ వదులుగా ఉండే పాతరకం స్టాప్ కాక్‌ను తిరగవేసి బిగిస్తే నీటి ఒత్తిడే ఆ బిళ్ళను నొక్కిపెట్టి దారి మూస్తుంది. చక్రం ఎంత తిప్పినా నీరు రాదు.

ఇంటి మీది తొట్టి నుండి వచ్చే నీటికి ఒత్తిడి తక్కువ. పది అడుగుల ఎత్తుకు చదరపు అంగుళానికి నాలుగు పౌన్ల పైచిలుకు మాత్రమే వస్తుంది. కనుక తొట్టి కింద స్టాప్ కాక్ పెట్టడం పొరపాటు, అక్కడ దారిని పూర్తిగా వదిలే వాల్వు ఉండాలి. ఇంటికి నీరు ప్రవేశించే చోట ఒకటి, తొట్టి దిగువన ఒకటి, వంటగదికి, స్నానాల గదికి విడివిడిగా ఒక్కొక్కటి ఉంటే, ఒక కుళాయి చెడినపుడు ఇల్లంతా నీరు లేకుండా ఉండవలసిన అవసరం రాదు. పిడి పావు చుట్టు తిప్పితే మూతపడే బాల్ వాల్వు శ్రీరాములు విద్యార్థిగా ఉన్న కాలములో ఇళ్ళలో వాడుకలో లేదు. అది తరువాతి కాలపు వస్తువు. దానిని ఒక్కసారిగా మూస్తే పరుగెత్తే నీరు ఆగి గొట్టం దడదడమని కొట్టుకుంటుంది, అతుకులు వదులవుతాయి. అందుచేత నెమ్మదిగా మూయాలి.

నెల్లూరు తీరం వంటి చోట్ల ఇనుప గొట్టానికి అసలు శత్రువు ఉప్పునీరు. తీరమండలాలలో చాలాచోట్ల భూగర్భజలంలో ఉప్పు ఎక్కువ. అది ముందుగా జింకు పూతను, తరువాత ఇనుమును తింటుంది. చవకరకం ఇత్తడిలోని జింకును కూడా లాగివేయడంతో వాల్వు పైకి బాగానే కనిపిస్తూ లోపల గుల్లబారుతుంది. అందువలన ఇత్తడి కంటే కంచు జాతి లోహపు వాల్వు మేలు. నేటి పి.వి.సి., సి.పి.వి.సి. గొట్టాలకు తుప్పు బాధ లేదు. వేడినీటికి మాత్రం సి.పి.వి.సి. వాడాలి. ప్లాస్టికు మరను లోహపు మరతో కలపవలసి వస్తే ప్లాస్టికు ముక్క లోపలికి దూరేదిగాను, లోహపు ముక్క బయట ఉండేదిగాను చూసుకోవాలి. ప్లాస్టికు బయట ఉంటే బిగింపుకు పగులుతుంది.

మురుగు వైపున ముఖ్యమైనది ట్రాప్. అది వంకరగా ఉన్న గొట్టం మాత్రమే. ఆ వంకలో ఎప్పుడూ నిలిచి ఉండే రెండంగుళాల నీరు మురుగు కాలువ గాలిని ఇంటిలోకి రానీయదు. ఎంతో పెద్ద రోగభయాన్ని కొద్దిపాటి నీటితో ఆపే ఈ ఉపాయం ఈ విద్యలోని గొప్ప విషయాలలో ఒకటి.

రైల్వే ఉద్యోగం

చదువు ముగిసిన పిమ్మట శ్రీరాములు గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వేలో చేరి దాదాపు నాలుగు సంవత్సరాలు పనిచేశాడు. నెలకు 250 రూపాయల జీతం వచ్చేది. ఆ కాలానికి అది పెద్ద మొత్తం. 1853లో బొంబాయి - ఠాణా మధ్య దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిపినది ఈ కంపెనీయే. 1925లో ప్రభుత్వం దానిని తన నిర్వహణలోకి తీసుకొన్నది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో భాగమైంది.

ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వేకు నీరు బొగ్గుతో సమానమైన అవసరం. స్టేషన్ల వద్ద ఎత్తైన తొట్లు, ఇంజన్లలోకి నీరు నింపే పెద్ద గొట్టాలు, సిబ్బంది ఇళ్ళకు కుళాయిలు, ప్రయాణికులకు మరుగుదొడ్లు - ఇవన్నీ ఉండేవి. ఒకే తొట్టి నుండి ఒకే గొట్టం ద్వారా వచ్చిన నీరు ప్లాట్‌ఫారం మీదికి రాగానే హిందూ నీరుగాను, ముస్లిం నీరుగాను విడిపోయేది. వేర్వేరు కుండలతో వేర్వేరు మనుషులు పంచేవారు. అస్పృశ్యులుగా పరిగణించబడినవారికి ఎవరైనా పైనుండి పోస్తే దోసిలి పట్టి తాగడమే గతి.

శ్రీరాములు బొంబాయి ప్రాంతంలో ఉన్న సంవత్సరాలలోనే నీటిపై హక్కు పెద్ద వివాదమైంది. ప్రజాధనంతో నిర్మించిన బావులను, చెరువులను అస్పృశ్యులు వాడుకోవచ్చునని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. ఆ తీర్మానం కాగితం మీదనే ఉండిపోవడంతో 1927 మార్చి 20న బి.ఆర్.అంబేద్కర్ నాయకత్వంలో వేలాదిమంది మహద్ పట్టణంలోని చౌదార్ చెరువుకు నడిచి వెళ్ళి నీరు తాగారు. అక్కడ పైపు లేదు, వాల్వు లేదు. నీరు అందుబాటులోనే ఉన్నది, ఆపినది మనుషులు. ఆ కేసు బొంబాయి హైకోర్టులో తేలడానికి 1937 వరకు పట్టింది.

1928లో శ్రీరాములు భార్య, అప్పుడే పుట్టిన బిడ్డ కొద్దిరోజుల తేడాలో మరణించారు. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే. ఈ దెబ్బతో ఆయనకు సంసార సుఖాలపై విరక్తి కలిగింది. కొంతకాలానికి ఉద్యోగానికి రాజీనామా చేసి, ఆస్తిని తల్లికి, అన్నదమ్ములకు పంచి ఇచ్చాడు. మళ్ళీ వివాహం చేసుకోలేదు.

గాంధీ మార్గంలో

శ్రీరాములు గాంధీ అనుచరుడై సబర్మతి ఆశ్రమంలో చేరాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. సబర్మతి ఆశ్రమ నియమాలలో ఒకటి ఆయన చదువుకు దగ్గరగా ఉన్నది. అక్కడ మరుగుదొడ్లు శుభ్రం చేయడానికి వేరుగా ఒక కులం వారిని పెట్టరు. ఆశ్రమవాసులందరూ వంతులవారీగా ఆ పని చేయాలి. మలాన్ని మట్టితో కప్పి ఎరువుగా మార్చాలి. బొంబాయిలో నీటితోను, గొట్టాలతోను సాధించిన పారిశుధ్యాన్ని గొట్టాలు లేని గ్రామాలలో మట్టితోను, మనిషి శ్రమతోను సాధించవలసి ఉంటుందని గాంధీ ఉద్దేశం. ఇంజనీరుకు ఇది చిన్న పనిగా తోచవచ్చును. కాని నాటి గ్రామాలకు నీటి గొట్టాలు వచ్చే సూచన కనుచూపుమేరలో లేదు. మురుగు పని ఒక కులానిదన్న భావం పోనంతవరకు గొట్టాలు వచ్చినా వాటిలో దిగేది ఆ కులమే అవుతుంది. ఈ రెండవ మాట ఎంత నిజమో తరువాతి పట్టణాల చరిత్ర చూపింది.

ఆ తరువాత శ్రీరాములు గుజరాతులోని రాజకోట వద్ద, కృష్ణా జిల్లాలోని కొమరవోలులో గ్రామ పునర్నిర్మాణ కార్యక్రమాలలో పనిచేశాడు. కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం నెలకొల్పిన గాంధీ ఆశ్రమంలో ఉండేవాడు. వ్యక్తి సత్యాగ్రహంలోను, 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమంలోను మళ్ళీ జైలుశిక్షలు అనుభవించాడు. 1943-44 సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో రాట్నం, ఖద్దరు ప్రచారం చేశాడు. కులమత భేదం లేకుండా ఎవరి ఇంటనైనా భోజనం చేసేవాడు. నీరు, అన్నము ఎవరి చేతి నుండి తీసుకోవాలి అన్న దానిపైనే కులవ్యవస్థ నిలిచి ఉన్న రోజులలో ఇది చిన్న విషయం కాదు.

నెల్లూరులో

పెన్నా నది నెల్లూరును ఒరుసుకుని కొంతదూరం పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. గాంధీ మార్గానికి ఈ తీరం కొత్తది కాదు. 1921 ఏప్రిల్ 7న గాంధీ స్వయంగా వచ్చి పెన్న ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు. అందుచేత శ్రీరాములు నెల్లూరు వచ్చేసరికి అక్కడ ఖద్దరు కట్టినవారికి కొదువ లేదు. కాని ఆలయ తలుపులు మాత్రం మూసే ఉన్నాయి.

నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలో దళితులకు ప్రవేశం కల్పించాలని కోరుతూ 1946 మార్చిలో శ్రీరాములు నిరాహారదీక్ష చేశాడు. ఫలితంగా ఆ ఆలయ ద్వారాలు తెరచుకున్నాయి. దీక్షను ఆయుధంగా చేసుకొని ఆయన సాధించిన మొదటి విజయం ఇది. బావులు, చెరువులు, దారులు వాడుకోకుండా అడ్డగించడాన్ని నేరంగా చేస్తూ మద్రాసు రాష్ట్రంలో 1938లోనే చట్టం వచ్చింది. 1939లో మదుర మీనాక్షి ఆలయంలోకి దళితులు ప్రవేశించారు. అయినా ఏడేండ్ల తరువాత కూడా నెల్లూరులో ఒక్క గుడి కొరకు ఒక మనిషి పస్తులుండవలసి వచ్చింది.

అదే సంవత్సరం నవంబరు 25న రాష్ట్రంలోని ఆలయాలన్నిటిని తెరవాలని ఆయన మరొక దీక్ష ప్రారంభించాడు. అప్పటి ప్రధానమంత్రి (నాడు రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు) టంగుటూరి ప్రకాశం. స్వాతంత్ర్యం సమీపిస్తున్న సమయంలో ఇటువంటి దీక్ష వద్దని కాంగ్రెసు నాయకులు నచ్చజెప్పారు. శ్రీరాములు వినలేదు. చివరకు గాంధీ చెప్పిన తరువాతనే విరమించాడు. గాంధీ తప్ప ఆయనను ఆపగలవారు లేరని ఈ సంఘటన తెలియజేస్తున్నది. 1952 నాటికి గాంధీ లేడు. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది.

1946-48 మధ్య ఆయన మూడుసార్లు నిరాహారదీక్ష చేశాడు. దళితుల అభ్యున్నతికి వారంలో కనీసం ఒకరోజు కేటాయించవలసినదిగా ప్రభుత్వం కలెక్టర్లకు ఉత్తర్వులు ఇచ్చింది. ఆజ్ఞలు వచ్చినంత మాత్రాన పని జరగదని ఎరిగినవాడు కనుక శ్రీరాములు ఊరుకోలేదు. అస్పృశ్యతకు వ్యతిరేకంగా నినాదాలు అట్టలపై రాసి మెడలో వేలాడదీసుకుని నెల్లూరు వీధులలో తిరిగేవాడు. కాళ్ళకు చెప్పులు లేవు, తలపై గొడుగు లేదు. నెల్లూరు ఎండలు ఎరిగినవారికి ఇది ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. చూసినవారిలో కొందరు ఆయనను పిచ్చివాడు అనేవారు. తాను పూనుకున్న పనులకు డబ్బు చాలకపోతే దానికోసం కూడా పస్తు ఉండేవాడు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దు చేసింది. 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కుల వివక్షను నిషేధించింది. శ్రీరాములు అట్టలు మెడలో వేసుకుని తిరిగినది ఈ మాటల కొరకే.

ఆంధ్ర రాష్ట్రం కొరకు

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిక 1913 నాటి బాపట్ల ఆంధ్ర మహాసభ కాలము నుండి ఉన్నదే. 1949 ఏప్రిల్‌లో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల సంఘం మద్రాసు నగరంపై హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చునని తెలిపింది. నగరం దగ్గరనే చిక్కు వచ్చింది. 1951 ఆగస్టు 15న స్వామి సీతారాం (గొల్లపూడి సీతారామశాస్త్రి) ఇదే కోరికపై దీక్ష మొదలుపెట్టి 35 రోజుల తరువాత వినోబా భావే కోరికపై విరమించాడు. ఆ తరువాత కూడా పని ముందుకు సాగలేదు.

1952 అక్టోబరు 19న శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంటిలో (రాయపేట హైరోడ్డు, 126వ నంబరు) ఆమరణ నిరాహారదీక్ష ప్రారంభించాడు. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం ఆయన కోరిక. పుట్టి పెరిగిన నగరం కనుక ఆయనకు అది పట్టుదల మాత్రమే కాదు. మొదట ప్రభుత్వం గాని, కాంగ్రెసు పార్టీ గాని దీక్షను పెద్దగా పట్టించుకోలేదు. వారాలు గడిచేకొద్దీ ఆంధ్ర ప్రాంతమంతటా ఆందోళన పెరిగింది. డిసెంబరు మొదటివారంలో కూడా ప్రధాని నెహ్రూ ముఖ్యమంత్రి రాజగోపాలాచారికి దీక్షను పట్టించుకోనవసరం లేదన్న అభిప్రాయమే తెలిపాడు. డిసెంబరు 12 నాటికి మాత్రం ఆంధ్ర కోరికను అంగీకరించే సమయం వచ్చిందని ఆయనకే రాశాడు. అయితే బహిరంగ ప్రకటన వెలువడలేదు. డిసెంబరు 15 రాత్రి, దీక్ష 58వ రోజున, శ్రీరాములు మరణించాడు.

ఆయన మరణవార్తతో ఆంధ్ర ప్రాంతంలో తీవ్రమైన అల్లర్లు చెలరేగాయి. రైళ్ళు ఆగిపోయాయి, ప్రభుత్వ ఆస్తులు ధ్వంసమయ్యాయి. పలుచోట్ల పోలీసు కాల్పులలో మనుషులు చనిపోయారు. వారిలో నెల్లూరువారూ ఉన్నారు. అహింసను వ్రతంగా ఆచరించిన మనిషి పేరుతో ఇది జరగడం ఆయన జీవితగాథలోని విషాదాలలో ఒకటి. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో, మద్రాసు నగరం మినహా, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూ ప్రకటించాడు. డిసెంబరు 12న రాసిన ఉత్తరంలోని నిర్ణయం వారం ముందుగా బయటపడి ఉంటే ఆయన ప్రాణం దక్కేదా అన్న ప్రశ్నను చరిత్రకారులు నేటికీ వదలలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి. ఆ డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని నియమించింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడగా, 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. శ్రీరాములు కోరిన మద్రాసు నగరం తెలుగువారికి రాలేదు. తరువాతి కాలంలో ఆ నగరపు నీటి కరువు తీర్చడానికి తెలుగుగంగ పథకం కింద కృష్ణా జలాలు నెల్లూరు ప్రాంతంలోని కండలేరు జలాశయం మీదుగా 1996లో పూండికి చేరాయి.

ఆయన పేరుతో

శ్రీరాములు దీక్ష చేసిన రాయపేట హైరోడ్డులోని ఇల్లు స్మారక భవనంగా ఉంది. 2000 సంవత్సరంలో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. 1985లో హైదరాబాదులో స్థాపించబడిన తెలుగు విశ్వవిద్యాలయానికి 1998లో ఆయన పేరు పెట్టారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం దానిని సురవరం ప్రతాపరెడ్డి పేరిట మార్చింది. నెల్లూరు జిల్లా 2008 నుండి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

ఈ స్మారకాలన్నీ రాష్ట్రం కొరకు ప్రాణమిచ్చిన శ్రీరాములువే. మూలపేట గుడి ముందు పస్తులున్న శ్రీరాములుకు, మెడలో అట్టతో నెల్లూరు వీధులలో నడిచిన శ్రీరాములుకు అంతటి గుర్తింపు రాలేదు. ఆయన విగ్రహాలు ఆంధ్ర ప్రాంతంలో దాదాపు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. చాలాచోట్ల అవి బజారు కూడళ్ళలో ఉన్నాయి.